స్తంభం ఎక్కని లైన్‌మన్

లైన్‌మన్ అనే మాటకు నాకు ఇరవై మూడేళ్లు వచ్చేవరకూ ఒకటే అర్థం తెలుసు. సైకిలు హ్యాండిలుకు వేలాడే రబ్బరు గ్లౌజులు, జేబులో కటింగ్ ప్లేయరు, వెనక క్యారేజీకి చుట్టిన తాడు, గాలివాన రాత్రి గుమ్మం దగ్గర నిలబడి "లైన్‌మన్ గారూ" అని పిలిచే గొంతులు, వాటన్నిటి మధ్య మా నాన్న. చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ముప్ఫై ఏళ్లకు పైగా కరెంటు స్తంభాలు ఎక్కారు. అందుచేత 2007 సెప్టెంబరులో, చదువు కోసం క్లీవ్‌లాండ్ వచ్చి నెల తిరగకముందే, నేను అద్దెకున్న ఇంటివారి టీవీలో వస్తున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో వ్యాఖ్యాత పదేపదే లైన్‌మన్, లైన్‌మన్ అంటూంటే, స్టేడియంలో కరెంటు పోయిందేమో, ఎవరినో పిలిపిస్తున్నారేమో అనుకున్నాను. అనుకుని ఊరుకోక ఆ మాట పైకి అడిగాను కూడా.

ఇంటి యజమాని నవ్వలేదు. ఊరి శివారు పార్మాలో కార్లకు రేకు భాగాలు తయారుచేసే కర్మాగారంలో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన; దేన్నయినా పనివాడి లెక్కలోనే చెప్పేవారు. ఆయన ఒక కాగితం తీసుకుని ఐదు సున్నాలు వరసగా గీసి, వాటి వెనక ఇంకొక సున్నా గీశారు. ముందున్న ఐదుగురూ లైన్‌మన్లు, వెనకవాడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ప్రతిసారీ మధ్యలో నిలబడ్డ సెంటర్ బంతిని కాళ్ల సందులోనుంచి వెనక్కి అందిస్తాడు, దాన్ని స్నాప్ అంటారు. ఆ క్షణం నుంచి మూడు నాలుగు సెకన్లపాటు అవతలి జట్టు మనుషులు వెనకవాడి మీదికి రాకుండా ఈ ఐదుగురూ గోడలా అడ్డుకోవాలి. మామూలుగా వీళ్లు బంతిని అందుకోకూడదు. గోలు కొట్టరు, పరుగు తీయరు, స్కోరుబోర్డు మీద వీళ్ల పేరిట ఏ అంకే పడదు. "వీళ్ల నంబరు మైకులో వినబడిందంటే ఏదో తప్పు జరిగిందన్నమాటే," అని ఆయన ముగించారు.

నిజమే. రిఫరీ పసుపుపచ్చ గుడ్డ విసిరి, అవతలివాణ్ణి చొక్కా పట్టి లాగాడని ఫలానా నంబరు మీద నేరం మోపినప్పుడు తప్ప, వేలమంది ముందు లైన్‌మన్ ప్రస్తావన రాదు. కరెంటు ఉన్న రోజున ఊళ్లో మా నాన్న ఎవరికీ గుర్తుకు రాకపోవడం చిన్నప్పుడే చూసినవాణ్ణి కనుక, ఈ సంగతి నాకు ఎవరూ రెండోసారి చెప్పనక్కరలేకపోయింది.

కాగితం మీద ఎడమ చివరనున్న సున్నాను ఆయన మరోసారి దిద్ది, ఈ ఏడాది వీడు కొత్తవాడు, బంతిని చూడకు, వీడి కాళ్లు చూడు అన్నారు. ఆ సున్నా జో థామస్. నంబరు 73. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, దాదాపు 140 కిలోల బరువు. విస్కాన్సిన్ రాష్ట్రంలో బ్రూక్‌ఫీల్డ్ కుర్రాడు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం జట్టులో ఆడి, దేశంలోని కాలేజీ జట్లలోకెల్లా మేటి లైన్‌మన్‌కు ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీని 2006లో గెలుచుకున్నవాడు. 2007 ఏప్రిల్‌లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగినప్పుడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు అతణ్ణి మూడో స్థానంలో తీసుకుంది. అలా ఎంపికవుతారనుకున్న కుర్రాళ్లు సూటూ బూటూ వేసుకుని న్యూయార్కు వేదిక మీద లీగ్ పెద్ద అయిన కమిషనరుతో చేతులు కలిపి ఫొటో దిగడం రివాజు. జో థామస్ మాత్రం ఆ రోజు తండ్రితో కలిసి మిషిగన్ సరస్సులో పడవ మీద చేపలు పట్టుకుంటూ, తనను ఎంచుకున్నారన్న కబురు అక్కడే విన్నాడు. మా పెద్దాయన ఈ కథను నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటారు. చెప్పిన ప్రతిసారీ చివర్లో, రివాజు కోసం ఒక మంచి చేపల రోజును పాడుచేసుకోని మనిషి ఊరికి అక్కరకొస్తాడు అనేవారు.

క్లీవ్‌లాండ్ అంటే మనవాళ్లలో చాలామందికి ఏటేటా ఈస్టరు రోజుల్లో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలే గుర్తుకొస్తాయి. ఆ ఊరివాళ్లకు మాత్రం ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న స్టేడియమూ, అందులో ఓడిపోయే జట్టూ గుర్తుకొస్తాయి. బ్రౌన్స్ చివరిసారి చాంపియన్లయింది 1964లో. 1995లో యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించడంతో మూడేళ్లపాటు ఊరికి జట్టే లేకుండా పోయింది. 1999లో అదే పేరుతో, అవే రంగులతో కొత్త జట్టు వచ్చింది. మా పెద్దాయన ఆ మూడేళ్ల గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించేవారు, ఇంట్లో ఎవరో పోయిన సంవత్సరాలన్నట్టు.

జో థామస్ మొదటి ఆట 2007 సెప్టెంబరు 9న, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మీద. 34-7 తేడాతో ఓడిపోయారు. ఆ రోజు ఆట ప్రారంభించిన క్వార్టర్‌బ్యాక్ చార్లీ ఫ్రైని ఆట మధ్యలోనే కూర్చోబెట్టి, రెండు రోజుల్లో సియాటిల్‌కు పంపేశారు. తరవాతి ఆదివారం డెరెక్ ఆండర్సన్ అనే మరో కుర్రాడు బరిలోకి దిగి సిన్సినాటి మీద 51-45తో గెలిపించాడు. నేను చూసిన మొదటి గెలుపు అదే. ఈ ఆట ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆ ఏడాది పది ఆటలు గెలిచి ఆరు ఓడారు, అయినా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. జో థామస్ ఆడిన పదకొండు సీజన్లలో గెలుపులు ఓటములను మించిన సంవత్సరం అదొక్కటే. ఆ సంగతి అప్పుడు అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

కాళ్లు చూడమన్నారు గనుక చూశాను. కుడిచేతివాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి తిరిగినప్పుడు వీపు ఎడమవైపుకు వస్తుంది. అటునుంచి వచ్చేవాణ్ణి అతడు చూడలేడు. అందువల్ల ఎడమ చివరి లైన్‌మన్, అంటే లెఫ్ట్ టాకిల్, ఇంకొకడి వీపుకు కన్నుగా ఉండాలి. అవతలి జట్లు తమ మెరికల్లాంటి వాళ్లను తరచూ ఆ వైపునుంచే పంపుతాయి. పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ హారిసన్, బాల్టిమోర్‌లో టెరెల్ సగ్స్ వంటి వాళ్లు ఏడాదికి రెండుసార్లు ఎదురయ్యేవారు. ముందుకు ఉరికేవాణ్ణి వెనక్కి నడుస్తూ ఆపడం ఈ పనిలోని కష్టం. స్నాప్ పడగానే జో థామస్ ఎడమ పాదాన్ని నేలమీదనుంచి లేపీ లేపనట్టు వెనక్కి జార్చేవాడు, కుడి పాదం దాన్ని దాటకుండా, దానికి తగలకుండా, అంతే దూరంలో వెంబడించేది. నడుము వంగేది కాదు, మోకాళ్లు మాత్రమే వంగేవి, చేతులు ఛాతీ ముందు ఖాళీగా, ఎదురుచూస్తూ ఉండేవి. వరినాట్లు వేసే ఆడవాళ్లు బురదలో వెనకచూపు లేకుండా, గట్టు ఎంత దూరముందో పాదాలకే తెలిసినట్టు వెనక్కి జరుగుతారే, ఆ నడక నాకు గుర్తొచ్చేది. వాళ్లకు తొందర ఉండదు, ఇతనికి మూడు నాలుగు సెకన్ల వ్యవధే ఉండేది, అంతే భేదం. ఇతరులు అదే పని చేస్తూంటే పెనుగులాటలా కనిపించేది. ఇతను చేస్తే ఏమీ జరగనట్టే ఉండేది. ఎదుటివాడు చుట్టూ తిరిగి తిరిగి క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి ఎటో వెళ్లిపోయేవాడు; అప్పటికి బంతి చేయి దాటిపోయి ఉండేది.

ఆ బంతి ఎక్కడ పడేదన్నది వేరే కథ. అతను కాపు కాసిన వీపులు మారిపోతూనే ఉన్నాయి. ఫ్రై, ఆండర్సన్, బ్రేడీ క్విన్, కోల్ట్ మెకాయ్, బ్రాండన్ వీడెన్, బ్రయన్ హోయర్, జానీ మాన్జియెల్, రాబర్ట్ గ్రిఫిన్, డిషోన్ కైజర్, ఇంకా మిగిలినవాళ్లూ కలిపి అతను ఆడిన కాలంలో ఆట ప్రారంభించిన క్వార్టర్‌బ్యాక్‌లు మొత్తం ఇరవై మంది. ప్రధాన శిక్షకులు ఆరుగురు. డౌన్‌టౌన్‌లో ఒక కిటికీ వెనక బొమ్మకు జట్టు చొక్కా తొడిగి, కొత్తవాడు వచ్చినప్పుడల్లా పాతవాడి పేరు కొట్టేసి కింద కొత్త పేరు చేరుస్తూ పోయారు. చూస్తూ చూస్తూ ఆ చొక్కా అప్పుల పద్దులా తయారైంది. 73 మీద మాత్రం ఎవరూ ఏదీ దిద్దలేదు.

2014 వేసవిలో అమ్మా నాన్నా మా ఇంటికి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. నాన్న అప్పటికి రిటైరై నాలుగేళ్లు. రోజంతా ఏం చేయాలో తోచక, వీధిలో స్తంభాలు చెక్కవి ఎందుకున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు స్తంభం మీద డోలుల్లా ఎందుకు వేలాడుతున్నాయి అని చూస్తూ తిరిగేవారు. ఆదివారం నాడు నేను టీవీ పెట్టి, నాన్నా, ఈయన కూడా లైన్‌మనే అని 73ను చూపిస్తే, "ఏటిరా, స్తంభం ఎక్కకుండానే?" అన్నారు. అయినా ఆ రోజునుంచి ఆట నియమాలేవీ అడగకుండా ఆయన 73ను ఒక్కణ్ణే చూసేవారు. స్కోరెంతో అడిగితే చెప్పలేకపోయేవారు.

ఆ అక్టోబరులో మా పెద్దాయన తన సీజన్ టికెట్లు రెండు మాకిచ్చి, నాన్నగారిని స్టేడియానికి తీసుకెళ్లమన్నారు. స్టీలర్స్‌తో ఆట, అక్టోబరు 12. అదే తేదీన విశాఖపట్నం మీద హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. అక్కడ మధ్యాహ్నం తీరం దాటే వేళకు మాకు తెల్లవారుజామున రెండున్నర. ఇంట్లో ఎవరమూ పడుకోలేదు. గాజువాకలో ఉన్న అక్కకు ఫోను కలవలేదు, ఆ తరవాత ఎవరికీ కలవలేదు, కాసేపటికి టీవీ వార్తల్లోనూ గాలి మోత తప్ప మాట వినబడలేదు. తెల్లవారాక నాన్న ఆటకు రానన్నారు. అమ్మే పంపింది. "ఇక్కడ కూచుంటే ఫోను కలుస్తాదేటి, వెళ్లి రండి, నేను చేస్తూనే ఉంటాను," అంది.

అప్పట్లో ఆ స్టేడియం పేరు ఫస్ట్ఎనర్జీ స్టేడియం. ఫస్ట్ఎనర్జీ అంటే అక్కడి కరెంటు కంపెనీ. ఆ సంగతి చెబితే నాన్న ముఖంలో ఆ రోజుకు మొదటిసారి కొంచెం నవ్వు కనిపించింది. కుక్క ముసుగులు వేసుకుని మొరిగే అభిమానుల వరసకు పక్కగా మా సీట్లు. సరస్సు మీదనుంచి గాలి కొడుతోంది. నాన్న ఆ గాలిని తలెత్తి చూసి, ఇది ఏపాటిది అన్నట్టు మఫ్లరు సర్దుకుని, అప్పుడు మొదలుపెట్టారు. ఎంత గాలికి ఏ స్తంభం పడుతుందో, ఇనుప స్తంభం ఎలా వంగుతుందో, సిమెంటుది ఎక్కడ విరుగుతుందో, తాటిచెట్టు లైను మీద పడితే ముందు ఏ స్విచ్ తీయాలో, సబ్‌స్టేషన్‌నుంచి ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకోకుండా తొందరపడి ఎక్కి పోయినవాళ్లెవరో, ఒకరొకరి పేరుతో సహా చెప్పుకుంటూ పోయారు. మైదానంలో బ్రౌన్స్ గెలుస్తున్నారు, చుట్టూ జనం ఊగిపోతున్నారు, నాన్న మాత్రం 73 మీద చూపు పెట్టి విశాఖ జిల్లా లైన్లన్నీ మనసులో నడుస్తున్నారు.

రెండో క్వార్టరులో సెంటర్ అలెక్స్ మ్యాక్ కింద పడి లేవలేదు. జో థామస్ లాగే అతను కూడా జట్టులో చేరిన 2009నుంచి ఒక్క స్నాప్ వదలకుండా ఆడినవాడు. ఆ రోజు కాలు విరిగింది. బండి మీద ఎక్కించి తీసుకుపోతూంటే అంతవరకూ మొరుగుతున్నవాళ్లు మౌనంగా నిలబడ్డారు. నాన్న కూడా లేచి నిలబడ్డారు. నేను పడిపోయినవాణ్ణే చూస్తున్నాను, ఆయన మిగిలిన నలుగురినీ చూస్తున్నారు. సెంటర్ పక్కనుండే గార్డు స్థానంలో ఆడుతున్న జాన్ గ్రెకో మధ్యకు జరిగాడు, పక్కన బెంచి మీదనుంచి వేరొకడు వచ్చి చేరాడు, 73 తన చోటునుంచి వాళ్లకు ఏదో చేయి ఊపి చెప్పాడు, ఆట మొదలైంది. "చూసేవా, ఎవడూ గాభరా పడలేదు," అన్నారు నాన్న. బ్రౌన్స్ 31-10తో గెలిచారు. స్టీలర్స్ మీద అంత పెద్ద గెలుపు నేను అంతకుముందు చూడలేదు. బయటికి వచ్చేటప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు నాన్నను కౌగలించుకున్నారు.

అక్క గొంతు మరో రెండు రోజులకు వినబడింది, వాళ్ల వీధికి కరెంటు వారం దాటాక వచ్చింది. ఇతర జిల్లాలనుంచి లైన్‌మన్లను లారీల్లో తెచ్చి స్తంభాలు పాతిస్తున్నారని విని, నాన్న తన పాత సహోద్యోగులకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. రిటైరైనవాణ్ణి, అందులోనూ సముద్రాల అవతల ఉన్నవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఆ వారం ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

2015 సీజన్ మధ్యలో, ఆటగాళ్ల మార్పిడికి ఆఖరి గడువు రోజున, జో థామస్‌ను డెన్వర్ బ్రాంకోస్‌కు ఇచ్చే బేరం చివరిదాకా వచ్చి తప్పిపోయింది. ఆ ఏడాది సూపర్ బౌల్, అంటే చాంపియన్లను తేల్చే ఆఖరి ఆట, గెలిచింది బ్రాంకోసే. బేరం తప్పిందని తెలిసిన రాత్రి నేను సంతోషించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సంతోషం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అతను నిజాయితీగా ఉండిపోయాడు, ఊరిని విడవలేదు అని ఇక్కడ అందరూ పొగుడుతారు, అతనూ ఎన్నడూ బహిరంగంగా పంపేయమని అడగలేదు, నిజమే. కాని ఒక మనిషి ఓర్పును పొగిడే నోటితోనే ఆ ఓర్పును ఖర్చుచేసినవాళ్లను ఎవరూ అడగకపోవడం నాకు నచ్చదు. మొదటి పది సీజన్లలోనూ వరసగా, మేటి ఆటగాళ్లతో ఏటా జరిపే ప్రో బౌల్‌కు ఎంపికైన ఆటగాడు ఒక్క ప్లేఆఫ్ ఆటైనా ఆడకుండా వెళ్లిపోవడం అతని గొప్పతనం కిందికి రాదు, జట్టు నడిపినవాళ్ల లెక్కలోకి వస్తుంది.

2016లో క్లీవ్‌లాండ్ బాస్కెట్‌బాల్ జట్టు చాంపియన్లై ఊరికి యాభై రెండేళ్ల కరువు తీర్చింది. బ్రౌన్స్ అదే ఏడాది పదహారు ఆటల్లో ఒకటి గెలిచారు, అదీ క్రిస్మస్ ముందురోజున, శాన్ డియేగో ఆటగాడి కిక్కు ఆఖరి క్షణంలో పక్కకు పోవడంతో, 20-17.

తరవాతి సంవత్సరం అక్టోబరు 22, టెన్నెసీ టైటన్స్‌తో ఆట. మూడో క్వార్టరులో, పరుగు కోసం వేసిన ఒక మామూలు ఎత్తులో, జో థామస్ ఎడమ చేయి పట్టుకుని నేలమీద ఉండిపోయాడు. మోచేతికి పైన వెనకవైపునున్న ట్రైసెప్స్ కండరం చిరిగింది. అంతకుముందు పదేళ్లకు పైగా, 167 ఆటల్లో, తన జట్టు దాడికి దిగిన ప్రతిసారీ అతను మైదానంలో ఉన్నాడు. మధ్యలో ఒక్క స్నాప్‌కు కూడా పక్కకు తప్పుకోలేదు. ఎవరో లెక్కకట్టిన ఆ సంఖ్య 10,363. 1999లో స్నాపులు లెక్కపెట్టడం మొదలైనప్పటినుంచీ వరసగా అన్ని ఆడినవాడు లేడు. ఆ 167 ఆటల్లో జట్టు గెలిచినవి 48. స్పెన్సర్ డ్రాంగో అనే కుర్రాడు హెల్మెట్ సర్దుకుంటూ ఎడమ చివరకు నడిచాడు. పదేళ్లుగా చూస్తున్న నా కంటికి, గోడమీద ఎప్పుడూ ఉండే గడియారాన్ని తీసేసిన చోటులా కనిపించింది ఆ స్థానం. ఆ రోజు అదనపు సమయంలో 12-9తో ఓడిపోయారు.

రాత్రి నాన్నకు ఫోను చేసి చెప్పాను. ఎలా పడ్డాడు, ఎంత దెబ్బ అని అడుగుతారనుకున్నాను. "మరి ఆయన జాగాలో ఎవరున్నారు?" అని అడిగారు.

ఆ సీజన్ పదహారు ఆటలూ ఓడిపోయారు. 2018 జనవరి 6న అభిమానులు ఎముకలు కొరికే చలిలో స్టేడియం చుట్టూ వలయంగా, పైనుంచి చూస్తే సున్నాలా కనిపించేట్టు ఊరేగింపు తీశారు. ఆ సందర్భంగా ఊళ్లో పేదలకు ఆహారం పంచే సంస్థకు విరాళాలు కూడా పోగుచేశారు. మా పెద్దాయన డెబ్బై ఆరేళ్ల వయసులో, రెండు కోట్లు వేసుకుని, నా చేయి పట్టుకుని ఆ సున్నాలో నడిచారు. వెక్కిరింపుకు నడుస్తున్నవాళ్లు కొందరు, ఏడవలేక నవ్వుతున్నవాళ్లు ఎక్కువమంది. ఆయన 73 నంబరు చొక్కాను కోటు పైన, అందరికీ కనిపించేట్టు వేసుకొచ్చారు.

మార్చిలో జో థామస్ రిటైరవుతున్నట్టు ప్రకటించాడు. అప్పటికి ముప్ఫై మూడేళ్లు. సెప్టెంబరు 20 రాత్రి న్యూయార్క్ జెట్స్‌తో ఆటలో 10,363 అనే అంకెను స్టేడియం లోపలి వలయంలో, పాత మహామహుల పేర్ల సరసన ఆవిష్కరించారు. ఆ రాత్రే, 14-0తో వెనకబడి ఉన్నప్పుడు బేకర్ మేఫీల్డ్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్ దిగి 21-17తో గెలిపించాడు. 2016 క్రిస్మస్ ముందురోజు తరవాత మొదటి గెలుపు. గెలిస్తే తెరుచుకుంటాయని ఒక బీరు కంపెనీ ఊరంతా తాళం వేసి పెట్టిన ఫ్రిజ్‌లు ఆ రాత్రి తెరుచుకున్నాయి. అతను వెళ్లిపోయాక మొదటి గెలుపు వచ్చిందని కొందరు జోకులు వేశారు. నాకు నవ్వు రాలేదు.

క్లీవ్‌లాండ్ తెలుగువాళ్లకు పార్మాలో శివవిష్ణు ఆలయం ఉన్నా, పెద్ద మొక్కులుంటే రెండు గంటలు ప్రయాణం చేసి పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తాం. ప్రత్యర్థుల ఊళ్లో మొక్కుకుంటే మన జట్టు ఎలా గెలుస్తుందని పెద్దాయన వేళాకోళం చేసేవారు. ఆ దారిలో వెళ్లేటప్పుడు నాకు మైక్ వెబ్‌స్టర్ గుర్తొస్తాడు. స్టీలర్స్‌కు నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిపెట్టిన జట్టులో సెంటర్. ప్రతి స్నాప్‌కూ తలతో ఢీకొంటూ పదిహేడు సీజన్లు ఆడి, చివరికి మతి చెదిరి, ఇల్లూ వాకిలీ లేక, 2002లో యాభై ఏళ్లకే పోయాడు. ఆ ఊరి శవపరీక్షల వైద్యుడు బెనెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి చూపించాకే, తలకు పదేపదే తగిలే దెబ్బలవల్ల ఆటగాళ్ల మెదడు ఎలా పాడవుతుందో లోకం వినడం మొదలుపెట్టింది. జో థామస్ కూడా ఇంకా ఆడుతున్న రోజుల్లోనే తనకు జ్ఞాపకశక్తి కాస్త తగ్గుతున్నట్టుందని దాపరికం లేకుండా చెప్పాడు. 10,363 అనే అంకెను మేము చప్పట్లతో లెక్కపెట్టాం. అతని తల దాన్ని వేరే విధంగా లెక్కపెట్టుకుని ఉంటుంది.

బరువు మాటా అంతే. అంత శరీరాన్ని నిలుపుకోవడానికి ఆకలి లేకపోయినా తింటూనే ఉండాల్సి వచ్చేదని, అది కూడా ఉద్యోగంలో భాగమేనని అతను చెప్పేవాడు. ఆట మానేసిన కొద్ది నెలల్లోనే ఇరవై కిలోలకు పైగా తగ్గిపోయాడు. టీవీలో వ్యాఖ్యాతగా కనిపించినప్పుడు, పేరు కింద వేస్తేగాని నాకే పోల్చుకోవడం కష్టమైంది.

2023 ఆగస్టులో అతణ్ణి క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఈ ఆటలో మహామహుల విగ్రహాలుండే చోట, చేర్చారు, అర్హత వచ్చిన మొదటి ఏడాదే. క్యాంటన్ మాకు గంట దూరం. ఉత్సవం రోజున జనంలో తోసుకోలేక, రెండు నెలలు ఆగి, మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పెద్దాయన అప్పటికే ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. నా తరఫున కూడా చూసిరా అని ముందురోజు ఫోను చేశారు. చీకటి గదిలో వరసగా అరల మీద కంచు తలలు, ఒక్కొక్కదాని మీదా చిన్న దీపం. జో థామస్ తల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. దవడ, గడ్డం, మెడ, అన్నీ బాగానే కుదిరాయి. పెద్దాయన చూడమన్న కాళ్లు లేవు; ఆ గదిలో ఎవరి విగ్రహమూ భుజాలు దాటి కిందికి రాదు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవాళ్లకు ఇచ్చే బంగారు రంగు కోటులో అతను నిలబడ్డ ఫొటో ఒకటి దుకాణంలో దొరికితే దాన్ని ఫోనులో తీసి నాన్నకు పంపాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఉంటారు, జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది, మాట రికార్డు చేసి పంపారు.

"ఈయన కాదురా. మన లైన్‌మన్ ఇంత సన్నంగా ఉండడు. సరిగ్గా చూసి పంపు."